పోస్ట్ కార్డు, ఎస్ఎంపీఎస్ టెస్టర్: పాత డెస్క్‌టాప్ రిపేరుకు ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, మానిటర్‌లో బొమ్మ మాత్రం రాదు. జీ31, జీ41 అనే పాత ఇంటెల్ చిప్‌సెట్ల మదర్‌బోర్డులున్న డెస్క్‌టాపులు బిల్లింగ్ కౌంటర్లలో, జిరాక్స్ షాపుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి కాబట్టి ఈ కంప్లయింటుకు కొదవ లేదు. తప్పెక్కడుందో పట్టిస్తాయంటూ అమ్మే చవక సాధనాలు రెండున్నాయి: ఎల్‌సీడీ తెర ఉన్న ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) టెస్టర్, పీసీఐ స్లాట్‌లో పెట్టే పోస్ట్ కార్డు (డిబగ్ కార్డని కూడా అంటారు). రెండూ కొన్ని వందల రూపాయల్లో వచ్చేవే. టెస్టర్ కొనుక్కోవచ్చు. కార్డు చాలామందికి అక్కర్లేదు.

ముందు టెస్టర్ సంగతి. ఎస్ఎంపీఎస్‌ను క్యాబినెట్‌లోంచి ఊడదీయక్కర్లేదు. బోర్డుకు, హార్డ్ డిస్కుకు, డీవీడీ డ్రైవుకు వెళ్ళే కనెక్టర్లన్నీ పీకేసి 24 పిన్ కనెక్టర్ టెస్టర్‌కు పెడితే చాలు. ఆకుపచ్చ వైరును గ్రౌండ్‌కు కలిపే పని అదే చూసుకుని సప్లై ఆన్ చేస్తుంది. తెర మీద +12, +5, +3.3, -12, 5వీఎస్‌బీ (సిస్టమ్ ఆపి ఉన్నా ఉండే స్టాండ్‌బై 5 వోల్టులు), పీజీ (పవర్ గుడ్) కనిపిస్తాయి. ప్లస్ లైన్లు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు: 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టులది 4.75 నుంచి 5.25, 3.3ది 3.14 నుంచి 3.47. మైనస్ 12కి 10 శాతం దాకా పర్వాలేదు. చవక రకాలు పాయింట్ తర్వాత ఒక్క అంకే చూపిస్తాయి. 3.1 అని పడితే అది 3.14 కావచ్చు, 3.06 కావచ్చు. అక్కడ మల్టీమీటర్ తీయాల్సిందే.

చాలామంది చూడకుండా వదిలేసేది పీజీ అంకె. వోల్టేజీలు కుదురుకున్నాయని బూడిదరంగు వైరు మీద సప్లై బోర్డుకు పంపే సిగ్నల్ అది, 100 నుంచి 500 మిల్లీసెకన్లలోపు రావాలి. అసలు రాకపోతే వోల్టులన్నీ సరిగ్గా ఉన్నా బోర్డు రీసెట్‌లోనే ఉండిపోతుంది. మరీ తొందరగా వస్తే కరెంటు కుదురుకోకముందే సీపీయూ లేచి తడబడుతుంది; ఒకసారి ఆన్ అయి, ఇంకోసారి కాని సిస్టమ్‌లలో దీన్ని అనుమానించాలి. మామూలు మల్టీమీటర్‌తో ఈ సమయం కొలవలేం. టెస్టర్‌కు డబ్బు పెట్టడానికి నిజమైన కారణం ఇదొక్కటే.

లోపం కూడా పెద్దదే. టెస్టర్‌లో ఉన్న లోడ్ (సప్లై నుంచి కరెంటు లాగే భాగం) ఒకటో రెండో రెసిస్టర్లు. కంప్యూటర్ లాగే కరెంటు ముందు అది ఏ మూలకూ రాదు. లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన సప్లై టెస్టర్ మీద 12.1 చూపించి, బోర్డుకు తగిలించగానే కుదేలవుతుంది. రిపుల్ (డీసీ వోల్టేజీలో మిగిలిపోయే సన్నటి ఒడిదుడుకులు) సంగతి దానికసలు తెలీదు: 12 వోల్టుల లైనులో 120 మిల్లీవోల్టులు, 5, 3.3 లైన్లలో 50 దాటకూడదని డెస్క్‌టాప్ సప్లైలకున్న ఏటీఎక్స్ ప్రమాణం, అది కొలవాలంటే ఆసిలోస్కోప్ కావాలి. కాబట్టి టెస్టర్ బాగోలేదంటే సప్లై పక్కన పెట్టేయండి, బాగుందంటే మాత్రం పరీక్ష సగమే అయినట్టు. మిగతా సగం సిస్టమ్ నడుస్తుండగా చేయాలి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, ఖాళీగా ఉన్న 4 పిన్ మోలెక్స్ కనెక్టర్‌లో నల్ల వైరుకు నల్ల ప్రోబ్, పసుపు వైరుకు ఎర్ర ప్రోబ్ ఆనించి, ఆన్ చేసేటప్పుడూ, మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడిచేటప్పుడూ చూడండి. 11.4 కిందికి జారితే తప్పు సప్లైదే. స్విచ్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే మొదట ఊదారంగు వైరు కొలవాలి. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ అక్కడ 5 వోల్టులు ఉండాలి. ఎస్ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం విప్పొద్దు. మన 230 వోల్టుల కరెంటు లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీగా నిలుస్తుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు ఉంటుంది.

ఇక పోస్ట్ కార్డు. పోస్ట్ అంటే ఆన్ కాగానే కంప్యూటర్ తనను తాను చేసుకునే పరీక్ష. ఆ సమయంలో బయాస్ (బోర్డు మీది చిప్‌లో ఉండి సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) ఒక్కో దశలో ఒక్కో కోడ్ 80 నంబరు పోర్టుకు రాస్తుంది, కార్డు దాన్ని రెండంకెల్లో చూపిస్తుంది. బయాస్‌లలో అవార్డ్, ఏఎంఐ అని రెండు కంపెనీలవి ఎక్కువ కనిపిస్తాయి. అవార్డ్ బయాస్ సీ1 దగ్గర ఆగితే ర్యామ్ దగ్గర చిక్కుకున్నట్టు. తికమక పెట్టేవి 00, ఎఫ్ఎఫ్. అవార్డ్‌లో ఎఫ్ఎఫ్ అంటే పోస్ట్ ముగిసి బూట్‌కు వెళ్ళినట్టు, ఏఎంఐలో అదే పనికి 00. కానీ సీపీయూ అసలు కదలకపోయినా చాలా కార్డుల మీద ఇవే అంకెలు ఉంటాయి. అంకెలు మారుతూ వచ్చి అక్కడ ఆగాయా, మొదటినుంచీ అవేనా అన్నది గమనిస్తే తేడా తెలుస్తుంది. పక్కనున్న చిన్న లైట్లలో ఆర్ఎస్‌టీ (రీసెట్) ముఖ్యం: ఆన్ చేసినప్పుడు క్షణం వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే క్యాబినెట్ ముందువైపు రీసెట్ బటన్ ఇరుక్కుందేమో ఆ వైరు పీకి చూడండి, తర్వాత పీజీ చూడండి.

కార్డుతో రెండు ఇబ్బందులున్నాయి, రెండోది ఖరీదైనది. 2011లో వచ్చిన ఇంటెల్ 6 సిరీస్ నుంచి హెచ్61 లాంటి మామూలు చిప్‌సెట్లలో పీసీఐ లేదు. బోర్డు మీద ఆ స్లాట్ కనిపించినా అది బ్రిడ్జ్ చిప్ (చిప్‌సెట్‌కు, ఆ స్లాట్‌కు మధ్యవర్తిగా ఉండే విడి చిప్) వెనక ఉంటుంది, పోస్ట్ కోడ్‌లు అక్కడిదాకా రాకపోవచ్చు. ఖాళీ తెర చూసి బోర్డు పోయిందనుకుంటే పొరపాటే. రెండోది, ఈ కార్డుకు వెనక బిగించే ఇనుప పట్టీ ఉండదు, అడుగున రెండు గాట్లుంటాయి. అందువల్ల తిరగేసి పెట్టినా స్లాట్‌లో చక్కగా దిగుతుంది. అలా పెట్టి ఆన్ చేస్తే కార్డో బోర్డో కాలుతుంది. ఏ వైపు ఎటు ఉండాలో కార్డు మీద ముద్రించని రకం కొనకండి.

కార్డు చెప్పే దానిలో ముప్పాతిక వంతు నాలుగు పిన్నుల బుల్లి బజర్ చెబుతుంది. బోర్డు మీద స్పీకర్ అని రాసున్న చోట గుచ్చి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. బీప్‌లు మోగితే సీపీయూ, బయాస్ బతికున్నట్టే. ఇప్పుడు ర్యామ్ పిన్నులు పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్క స్టిక్ మాత్రమే పెట్టి, స్లాట్ మార్చి మార్చి చూడండి. బీప్ రాకపోతే సీపీయూ పక్కనుండే 4 పిన్ 12 వోల్టుల కనెక్టర్ పెట్టారా, కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా, 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ మరీ పడిపోయిందా, ఈ వరసలో చూడాలి. జీ41 బోర్డుల్లో ఇంకో మెలిక ఉంది. 4 జీబీ డీడీఆర్3 స్టిక్ మీద 8 చిప్‌లే ఉంటే ఆ బోర్డు తీసుకోదు, 16 చిప్‌లది కావాలి. అమ్మినవాడు ర్యామ్ బాగుందంటాడు, నిజంగానే బాగుంటుంది, ఈ బోర్డు మీద మాత్రం బొమ్మ రాదు. కార్డు కూడా సీ1 చూపించి ఊరుకుంటుంది తప్ప ఎందుకో చెప్పదు.

విండోస్ లోడయ్యాక ఆగిపోవడం, నీలం తెర పడటం లాంటివాటికి ఈ రెండూ పనికిరావు. ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86+ ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి కనీసం ఒక పాస్ పూర్తి కానివ్వండి, ఎర్ర వరస ఒక్కటి వచ్చినా స్టిక్‌లు విడివిడిగా పరీక్షించండి. హార్డ్ డిస్కుకు స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 05, సీ5 విలువలు చూడాలి, అవి పాడైన, అనుమానమున్న సెక్టర్ల సంఖ్యలు. డేటా రాకపోకల్లో తప్పుల లెక్క అయిన సీ7 పెరుగుతుంటే డిస్కు కాదు, సాటా కేబుల్ మార్చండి.

ఒక్క ఇంటి సిస్టమ్ కోసమైతే బజర్, మల్టీమీటర్ చాలు. షాపులో రోజూ రెండు మూడు క్యాబినెట్లు విప్పేవాళ్ళకు టెస్టర్ టైమ్ కలిసొస్తుంది. కార్డు, చేతికొచ్చే బోర్డుల్లో ఎక్కువభాగం జీ41 లేదా అంతకు ముందువైతేనే. అప్పుడు కూడా రెండంకెలది వద్దు, నాలుగంకెలది తీసుకోండి. ఆగిన కోడ్‌తో పాటు దాని ముందుదీ కనిపిస్తుంది.