బరంపురంలో పాత పోలో చూస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

బరంపురం చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్‌లో స్పీడు కార్లు వెతికేవాళ్ళకి ఏ పాత కార్ల వ్యాపారి గురించి రాస్తున్నానో వేరే చెప్పక్కర్లేదు. దయచేసి అక్కడ డబ్బు కట్టకండి.

నేను కొన్న కారు 2015 ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీడీఐ, ఓడీ-07 నంబరు. ఐదు గేర్ల మాన్యువల్, 250 ఎన్ఎం టార్క్ (లాగే బలం), ఎన్నాళ్ళ నుంచో కావాలనుకున్న బండి. బేరం సంగతి వదిలేయండి. మేం వెళ్ళేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. "ఇప్పుడే కడిగించి తెచ్చాను బాబూ" అన్నాడు ఆ వ్యాపారి. టెస్ట్ డ్రైవ్ ఊళ్ళో ట్రాఫిక్‌లోనే తిప్పించాడు.

కారు కొనేసి పర్లాకిమిడికి తప్తపాణి ఘాటీ మీదుగా వస్తున్నాం. ఒక మలుపులో ఫోర్త్ నుంచి థర్డ్‌కి దించగానే గర్రుమని శబ్దం, గేరు రాడ్డు అరచేతిలో గిలగిల్లాడి వెనక్కి తన్నింది. ఫోన్ చేస్తే "క్లచ్ సెట్టింగ్ బాబూ, చిన్న పని" అన్నాడు.

క్లచ్ కానే కాదు. మా మెకానిక్ బండి నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, కాస్త ఆగి రివర్స్ వేశాడు. చప్పుడు లేకుండా పడింది. క్లచ్ సరిగ్గా విడవకపోతే రివర్స్ అరుస్తుంది, ఫస్ట్ కూడా గట్టిగా పడుతుంది. ఫోర్త్‌లో తక్కువ స్పీడు నుంచి ఫుల్ రేజ్ ఇచ్చాం. బండి లాగింది తప్ప ఆర్‌పీఎం ఊరికే ఎగబాకలేదు, అంటే ప్లేటు జారడం లేదు. న్యూట్రల్‌లో క్లచ్ తొక్కినా వదిలినా శబ్దంలో తేడా లేదు, అంటే క్లచ్ బేరింగ్ కూడా బాగానే ఉంది. అరిచేది ఒక్క థర్డే, అదీ పై గేరు నుంచి దించేటప్పుడు. సింక్రో రింగు, అంటే గేరు పడే ముందు వేగాల్ని సమం చేసే ఇత్తడి రింగు, అరిగిపోయింది.

తర్వాత గేరు ఆయిల్ దించాడు. ఈ కారుకి పలచటి ఆయిల్ పొయ్యాలి. ట్రేలోకి పడింది లారీలకి పోసే చిక్కటి 90 ఆయిల్. శబ్దం అణగడానికే పోశారన్నాడు. చల్లగా ఉన్నప్పుడు ఆ ఆయిల్‌తో గేర్లు బిగుసుకుంటాయి కాబట్టి మాకు బండి వేడిచేసి చూపించారు. ఆ ఆయిల్‌ని రెండు వేళ్ళ మధ్య రుద్ది ఎండలో పెడితే పసుపుపచ్చగా మెరిసే పొడి. సన్నటి బూడిదరంగు పొడి మామూలే, ఇది మాత్రం ఇత్తడి రింగు నుంచి రాలింది.

అయినా మేం గొడవకి వెళ్ళలేదు. గేరు బాక్సు విప్పే ఖర్చులో సగం పెట్టుకోమని నాన్నగారు మర్యాదగానే అడిగారు. ఆ వ్యాపారి కుర్చీలోంచి లేవలేదు. "పెద్దాయనా, మీ అబ్బాయికి గేరు వెయ్యడం రాదు, ఆటోమేటిక్ కొనిపెట్టండి" అన్నాడు. అని, పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి ఒడియాలో, "థర్డ్ గేరు సంగతి తెలిసిపోయింది, వీళ్ళని పంపించెయ్" అన్నాడు. మాకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఇద్దరికీ ప్రతి ముక్కా అర్థమైంది. అంటే అమ్మేటప్పుడే తెలుసు! నాన్నగారు ఇంకో మాట మాట్లాడకుండా చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశారు. జీవితమంతా బడిపంతులుగా బతికిన మనిషిని పట్టుకుని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ మండుతోంది.

మీరు కొనేటప్పుడు బండి చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఊరు దాటించి ఫోర్త్ నుంచి థర్డ్‌కి, థర్డ్ నుంచి సెకండ్‌కి దించి చూడండి. అవన్నీ అయ్యాకే బండి మీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు. ఇచ్ఛాపురం, పలాస నుంచి వచ్చేవాళ్ళు బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి కావాల్సిన ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసం ఫారం 28 కూడా అడగండి.

నేను వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది. బిల్లు, దించిన ఆయిల్ సీసా జాగ్రత్తగా దాచాను. అక్కడే కొని ఇలా నష్టపోయినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీ కాగితాలు తీసుకుని రండి, కలిసి వేద్దాం.