100 మి.లీ. హైడ్రోథర్మల్ ఆటోక్లేవ్: విజయనగరంలో ఆరు నెలలు వాడాక

జింక్ ఆక్సైడ్ నానోరాడ్స్ (కంటికి కనిపించనంత సన్నటి కడ్డీలు) చేసుకోవడానికి మా ల్యాబ్‌కి ఈ ఆటోక్లేవ్‌ని, అంటే ద్రావణాన్ని గట్టిగా మూసి వేడిచేసే పాత్రని, ఆన్‌లైన్‌లో 2,900 పెట్టి తెప్పించాం. బయట స్టీలు, లోపల మందపాటి టెఫ్లాన్ కప్పు, పైన మరమూత. చూడ్డానికి బాగానే ఉంది కానీ మొదటి రెండు బ్యాచ్‌లూ పోయాయి.

జింక్ నైట్రేట్, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 65 మి.లీ. పోసి రాత్రంతా 180 డిగ్రీల ఓవెన్‌లో పెడితే, చల్లారాక 40 కూడా లేదు, కప్పు అంచు చుట్టూ తెల్లటి పెచ్చు కట్టేసింది. ఆ వేడిలో లోపలి ఆవిరి పీడనం బయటి గాలి పీడనానికి దాదాపు పది రెట్లు ఉంటుంది, వెంట్రుకంత సందు దొరికినా బయటికి వచ్చేస్తుంది. అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపితే "గట్టిగా బిగించండి" అన్నారు, తర్వాత జవాబే లేదు.

టెన్షన్ పడి చివరికి ఊళ్ళోనే ఒక లేత్ షాపుకి పట్టుకెళ్ళాను. అక్కడి పెద్దాయన మూత కింద ఉండే స్టీలు బిళ్ళని అద్దం ముక్క మీద పెట్టి ఒక పక్క వేలితో నొక్కారు, టకటకా ఊగింది. "బిళ్ళ సమంగా లేదమ్మా, ఒక పక్కే నొక్కుతోంది, ఆవిరి రెండో పక్కనుంచి పోతోంది" అన్నారు. అరగంటలో చదును చేసిచ్చి 150 తీసుకున్నారు. అప్పట్నుంచి పోసినంతా దాదాపు అలాగే ఉంటోంది.

ఆ తర్వాతి పొడికి ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రే పంపి పదార్థం ఏదో తేల్చే పరీక్ష) 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్‌కి రావాల్సిన మూడు పీకులూ శుభ్రంగా వచ్చాయి, వేరే ఏదీ లేదు. పొడి కరెంటు సరిగా పారనివ్వదు కాబట్టి బంగారు పూత వేయించి ఎస్‌ఈఎమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫోటో తీయిస్తే, ఆరు పలకల పెన్సిళ్ళు కుప్ప పోసినట్టు కనిపించాయి. ఎంత సంతోషమేసిందో! ఒక్క మాట, ఎక్స్‌ఆర్‌డీ పీకు వెడల్పు నుంచి షెరర్ సూత్రంతో వచ్చేది స్ఫటికం సైజు, రాడ్ పొడవు కాదు. యంత్రం వల్ల వచ్చే వెడల్పుని తీసేయకుండా లెక్కేస్తే ఆ స్ఫటికం సైజు కూడా తప్పే వస్తుంది, మా జూనియర్లు రిపోర్టుల్లో ఈ రెండు తప్పులూ చేస్తున్నారు.

కొనేవాళ్ళు కప్పు మూడింట రెండు వంతులు దాటి నింపొద్దు, 200 డిగ్రీలు దాటించొద్దు, దానంతటది చల్లారేదాకా మూత తిప్పొద్దు. ప్రతిసారీ పెట్టేముందూ తీశాకా తూకం వేయండి, కారితే వెంటనే తెలిసిపోతుంది. వాడేకొద్దీ టెఫ్లాన్ నొక్కుకుపోయి వదులవుతుంది, అందుకే విడి కప్పు ఒకటి కూడా కొనిపెట్టుకోండి.

మాకు ఇంకోటి కావాలి, వేరే చోట ఆర్డర్ పెట్టాం. రాగానే బిళ్ళని అద్దం మీద పెట్టి చూస్తా, ఊగిందంటే ఆ రోజే వెనక్కి పంపించేస్తా.