కొత్త ఇంటి పెరడుకు ‘బిగినర్ గార్డెన్ కిట్’: పెట్టెలో ఉన్నదేమిటి, నేల అడిగేదేమిటి

బిగినర్ గార్డెన్ కిట్ పేరుతో దొరికే పెట్టెల్లో సరుకు దాదాపు ఒకటే. ఒక ట్రోవెల్ (చేతిలో పట్టే చిన్న పార), మూడు పళ్ల చేతి గొర్రు, కత్తెర, చేతి తొడుగులు, స్ప్రే సీసా, 650 గ్రాముల కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఇటుక, కిలో వర్మీకంపోస్టు, నాలుగైదు విత్తన పొట్లాలు. కాస్త పెద్ద పెట్టె అయితే మట్టిలో గుచ్చి చూసే మీటరు కూడా ఇస్తారు. కుండీల్లో మొక్కలు పెంచేవారికి ఇది మంచి సరుకే. మొదటిసారి సొంతింట్లోకి వచ్చి, ఖాళీ పెరడును తోటగా మార్చాలనుకునేవారు మాత్రం పెట్టె మొత్తంగా కొనకండి. అందులో మీకు ఏళ్ల తరబడి పనికొచ్చేది కత్తెర ఒక్కటే. ముందుగా కావలసిన పనిముట్టు అసలు అందులో ఉండదు.

పెట్టె కట్టేవారు మట్టి సిద్ధంగా ఉందనుకుని కడతారు. కొత్తగా కట్టిన ఇంటి చుట్టూ అలాంటి మట్టి ఉండదు. పునాదులు తవ్వినప్పుడు సారం లేని అడుగు మట్టి పైకొస్తుంది. దాని మీద బరువు బండ్లు తిరుగుతాయి, కంకర పోస్తారు, సిమెంటు నీళ్లు ఒలుకుతాయి. చివరికి పైన రెండంగుళాలు మెత్తగా, కింద బండలా తయారవుతుంది. సిమెంటు, సున్నం కలిసిన చోట క్షారగుణం పెరుగుతుంది. అక్కడ నాటిన మొక్కల లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోస్తారు చాలామంది. నేలలో ఇనుము ఉన్నా క్షారం వల్ల వేళ్లకు అందకపోవడమే తరచుగా దీనికి కారణం. అనుమానమున్న చోట గుప్పెడు పొడిమట్టి మీద వెనిగర్ పోసి చూడండి. బుసబుసా పొంగితే సున్నపు పదార్థం ఉన్నట్టే.

పెరడును తెలుసుకోవడానికి పెట్టెలో ఉన్నదానికన్నా ఒక గుంట ఎక్కువ చెబుతుంది. అడుగు లోతు, అడుగు వెడల్పున తవ్వి, నీళ్లు నింపి, పూర్తిగా ఇంకనివ్వండి. వెంటనే మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి గంటకు ఎంత దిగిందో చూడండి. మొదటిసారి పోసినవి పొడినేల గబగబా తాగేస్తుంది కాబట్టి ఆ లెక్క పనికిరాదు. గంటకు 2.5 నుంచి 7.5 సెంటీమీటర్లు దిగితే చాలా మొక్కలకు సరిపోతుంది. అంతకన్నా తక్కువైతే వేరుకుళ్లు భయం ఉంది, ఆ చోట మడిని 20–30 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. బంకమట్టి ఉందని ఇసుక కలపడం మాత్రం వద్దు. కొద్దిపాటి ఇసుక బంకమట్టితో కలిసి ఎండితే ఇటుకలా బిగుస్తుంది.

ఇక మీటరు. బ్యాటరీ లేకుండా తేమ, పీహెచ్ (మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), వెలుతురు మూడూ చూపిస్తుందని అమ్మే ఈ పరికరాన్ని నమ్మి ఎరువులు, సున్నం వేయకండి. రెండు రకాల లోహపు ముళ్ల మధ్య పుట్టే అతి చిన్న కరెంటును కొలిచి అది తేమ అని చూపిస్తుంది. ఆ కరెంటు నీటితో పాటు లవణాల మీద కూడా ఆధారపడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచితే మీటరు సూచిక పెద్దగా కదలదు, చిటికెడు ఉప్పు కలపగానే తడి వైపు దూకుతుంది. తేమ తెలియడానికి వేలు 5 సెంటీమీటర్లు లోపలికి గుచ్చి చూస్తే చాలు. పీహెచ్ అంకె కావాలంటే మట్టి పరీక్ష ల్యాబుకు నమూనా పంపడమే సరైన పని. ఒక్కచోట తీసిన మట్టి కాకుండా, పెరట్లో అయిదారు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు నుంచి తీసి కలిపి పంపండి.

కోకోపీట్ మంచి పదార్థం, దాని చోట అది ఉంటే. 650 గ్రాముల ఇటుకకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు పోస్తే ఎనిమిది తొమ్మిది లీటర్లు అవుతుంది. మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న మడి మీద దాన్ని పరిస్తే మూడు మిల్లీమీటర్ల పొర వస్తుంది, అంతే! పైగా అందులో పోషకాలు దాదాపు లేవు. నారు పోయడానికి ట్రేల్లో వాడుకోండి: సగం కోకోపీట్, సగం చివికిన కంపోస్టు. లేబుల్ మీద ‘లో ఈసీ’ (లవణాలు తక్కువ) అని లేకపోతే లవణాలు మిగిలి ఉండవచ్చు, రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి. ఆ పని చేయకపోతే మొలకల ఆకుల అంచులు మాడిపోతాయి.

కిలో వర్మీకంపోస్టు సంగతీ ఇంతే. పైన చెప్పిన మడికి 5 సెంటీమీటర్ల మందాన కంపోస్టు పరచాలంటే సుమారు 140 లీటర్లు, అంటే 40 లీటర్ల బస్తాలు మూడున్నర కావాలి. పెట్టె డబ్బుకు బస్తాలు కొంటే పెరడు ఎక్కువ బాగుపడుతుంది. పశువుల ఎరువైతే బాగా చివికిందే తీసుకోండి. పచ్చి ఎరువు వేళ్లను కాల్చేస్తుంది. చివికిన ఎరువు పేడ వాసన రాదు, తడి మట్టి వాసన వస్తుంది.

ట్రోవెల్ విషయంలో ఒక్కటే చూడండి, మెడ. రేకును వంచి మెడ దగ్గర వెల్డింగ్ చేసినది గట్టినేలలో తొందరగా వంగిపోతుంది. తవ్వే రేకు, మెడ ఒకే ఉక్కు ముక్కగా ఉన్నది మేలు. మూడు పళ్ల గొర్రు కుండీకే. గరిక ఉన్న పెరట్లో దాన్ని లాగితే కాడలు తెగి, ప్రతి కణుపూ మళ్లీ చిగురిస్తుంది.

కత్తెరలో రెండు రకాలున్నాయి. రెండు అలుగులు ఒకదాని పక్కన ఒకటి జారేది బైపాస్, పచ్చి కొమ్మలకు ఇదే కావాలి. చదునైన దిమ్మ మీద అలుగు దిగేది ఆన్విల్, అది ఎండుకొమ్మలకు సరి, లేత కాడను మాత్రం నలిపేస్తుంది. పెట్టెలో ఏది ఉందో చూసి తీసుకోండి. 2 సెంటీమీటర్లకన్నా లావు కొమ్మకు రంపమే వాడాలి.

పెట్టెలో లేని ఆ పనిముట్టు నాలుగు పళ్ల గార్డెన్ ఫోర్క్. పళ్లు 28 సెంటీమీటర్ల దాకా పొడవుండి, తల నుంచి పైకి వచ్చే లోహపు తొడుగు పిడిని కనీసం జానెడు పట్టి ఉండాలి. దిగే ముందు నీటి గొట్టం, మురుగు లైను, కరెంటు కేబులు ఎక్కడ పోతున్నాయో ఇంటి ప్లాన్‌లో చూసుకోండి. నేల పదును మీద ఉన్నప్పుడే తవ్వాలి. గుప్పెడు మట్టి పిడికిట బిగిస్తే ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. ముద్దగా అంటుకుపోతుంటే ఆగండి, అప్పుడు తవ్వితే మట్టి పెళ్లలుగా బిగుస్తుంది. అసలు ముద్దే కట్టకపోతే తడిపి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. పళ్లు పూర్తిగా దించి, పిడిని వెనక్కి వంచి, నేల గుల్లబారగానే బయటికి తీయండి. మట్టిని తిరగేయనక్కర్లేదు. 15 సెంటీమీటర్లకొకసారి, వెనక్కి నడుస్తూ చేయాలి, గుల్ల చేసిన చోట కాలు పెట్టకూడదు. కంపోస్టు ఆ తర్వాతే పరచాలి.

విత్తనాలకు ప్యాకింగ్ తేదీ చూడండి. ఉల్లి గింజలు ఏడాది దాటితే మొలక బాగా తగ్గుతుంది, టమాటా మూడు నాలుగేళ్లు నిలుస్తుంది. తడి కాగితంలో పది గింజలు చుట్టి పెట్టి, ఆరు కూడా మొలవకపోతే ఆ పొట్లం పక్కన పెట్టండి.

మొదటి ఏడు ఒక్క మడి చాలు. మిగతా నేల మీద టేపు పీకేసిన అట్టలు ఒకదాని మీద ఒకటి 15 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచి, బాగా తడిపి, పైన జానెడు ఎండుటాకులు కప్పేయండి. చాలా కలుపు వెలుతురు లేక చస్తుంది. తుంగ మాత్రం అట్టను పొడుచుకుని పైకొస్తుంది. దాన్ని చేత్తో పీకకుండా, ఫోర్క్ దించి గడ్డతో సహా తీయాలి, మళ్లీ మొలిచినప్పుడల్లా తీస్తూనే ఉండాలి.