పదకొండేళ్లుగా వింటున్న ‘వికర్ మ్యాన్’ కబుర్లు

2014లో లండన్ నుంచి వస్తున్న మా బావమరిది చేత తెప్పించుకున్న డిస్కుల సెట్టు ఇది. 1973 నాటి బ్రిటిష్ హారర్ సినిమా ‘ద వికర్ మ్యాన్’కు 40 ఏళ్లు నిండాయని 2013లో స్టూడియోకనాల్ కంపెనీ విడుదల చేసిన బ్లూరే. తీరా పెడితే నా ప్లేయర్ తీసుకోలేదు. ఏ ప్రాంతం (రీజియన్) డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడుతుంది. బ్రిటన్ డిస్కులది ఒక రీజియన్, మనది ఇంకో రీజియన్. అన్నీ ఆడించే ప్లేయర్ కొనడానికి ఏడు నెలలు పట్టింది. అన్నాళ్లూ అట్ట మీది బొమ్మ చూస్తూ కూర్చున్నాను కాబట్టి ముగింపు ఏమిటో ముందే తెలిసిపోయింది. ఈ సినిమా పోస్టర్లూ అంతే, అసలు గుట్టునే బొమ్మ వేసి పెడతారు. అందుకే నేనూ ఇక్కడ కథ దాచే ప్రయత్నం చేయను.

స్కాట్లండ్ దగ్గర ఒక దీవి. తప్పిపోయిన పిల్ల కోసం హోవీ అనే పోలీసు సార్జెంట్ వెళ్తాడు. పరమ నిష్ఠగల క్రైస్తవుడు. దీవి జనమంతా పాత దేవుళ్లను కొలుస్తారు, పాటలు పాడతారు, నవ్వుతూ అబద్ధాలు చెబుతారు. పంట పోయింది కాబట్టి బలి కావాలి. చివరికి పుల్లలతో బుట్టలా అల్లిన మనిషి ఆకారపు పెద్ద బొమ్మలో (అదే వికర్ మ్యాన్) ఆ సార్జెంటును పెట్టి కాల్చేస్తారు.

సినిమాను ఈ పదకొండేళ్లలో ఆరేడుసార్లు చూసి ఉంటాను. దాంతో వచ్చిన ఇంటర్వ్యూలనూ, సినిమా నడుస్తుండగా దాని మీద మాట్లాడే కామెంటరీనీ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రాత్రి వంటిల్లు సర్దుకుంటూ రేడియో పెట్టుకున్నట్టు పెట్టుకుంటాను. కాబట్టి ఈ సమీక్ష సినిమాకు కాదు, ఆ కబుర్లకు.

అన్నిటికంటే మంచిది కామెంటరీ. దర్శకుడు రాబిన్ హార్డీ, హోవీగా చేసిన ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్, దీవి దొరగా చేసిన క్రిస్టఫర్ లీ ముగ్గురూ కూర్చుని సినిమా చూస్తూ మాట్లాడతారు. విమర్శకుడు మార్క్ కెర్మోడ్ ప్రశ్నలు అందిస్తుంటాడు. అప్పటికి ముగ్గురూ డెబ్బై దాటిన పెద్దమనుషులు. మొదటిసారి ఆ యాసలో సగం మాటలు నాకు అందలేదు. మూడోసారికి ఎవరి గొంతు ఏదో తెలిసింది. ఐదోసారికి ఎవరి కడుపుమంట ఏదో కూడా తెలిసింది.

నాకు బాగా నచ్చేది చలి కథ. కథ జరిగేది ఏప్రిల్ చివర్లో, మే ఒకటో తారీఖు పండక్కి. షూటింగ్ చేసింది 1972 అక్టోబరు, నవంబరు నెలల్లో. స్కాట్లండ్‌లో ఆ రోజుల్లో చలి ఎముకలు కొరుకుతుంది. చెట్లకు పూత ఉండదు కాబట్టి ఉత్తుత్తి పూలు తెచ్చి కొమ్మలకు పెట్టారు. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుంది కాబట్టి షాట్ ముందు నటులు నోట్లో ఐస్ ముక్కలు పెట్టుకున్నారు. చలికి వణుకుతున్నవాళ్ల నోట్లో ఐసు! ఇది విన్నాక సినిమా చూస్తే, ఆ పచ్చదనం వెనకాల ఏదో తేడాగా ఎందుకు అనిపించిందో తెలుస్తుంది. ఆ దీవిలో వసంతం అబద్ధం, పంట పండలేదన్నదే కథ. తప్పక చేసిన సర్దుబాటు కథకే కలిసొచ్చింది.

రెండోది మేక. ఆఖరి సీనును బరో హెడ్ అనే సముద్రపు గట్టు మీద తీశారు. బొమ్మ కడుపులో వుడ్‌వర్డ్, ఆయన పైన అరల్లో జంతువులు. ఒక మేక భయంతో ఆయన మీద మూత్రం పోసిందట. తెర మీద దేవుణ్ణి పిలుస్తూ కీర్తన పాడుతున్న మనిషి నెత్తిన అది. డైలాగులు గుర్తుండవని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెడితే వాటిని చూసి చదివానని కూడా ఆయనే చెబుతాడు. ఇలాంటివి వింటే భయం తగ్గిపోవాలి కదా. నాకు మాత్రం తగ్గలేదు.

ఇక లీ. పారితోషికం తీసుకోకుండా చేశాడు, తన సినిమాలన్నిటిలో ఇదే గొప్పదని చివరిదాకా చెప్పాడు. ఆయన గొంతు కంచుగంట, కానీ ఒక దగ్గర మాత్రం చేదు. సినిమా తయారయ్యేలోపే దాన్ని తీస్తున్న బ్రిటిష్ లయన్ కంపెనీలో యాజమాన్యం మారింది. నిర్మాత పీటర్ స్నెల్ స్థానంలో మైకేల్ డీలీ వచ్చాడు. తను చూసిన పది అతి చెత్త సినిమాల్లో ఇదొకటని డీలీ తనతో అన్నాడని లీ ఆరోపణ. సినిమాను దాదాపు 88 నిమిషాలకు కత్తిరించి, 1973 డిసెంబరులో ‘డోంట్ లుక్ నౌ’ అనే ఇంకో సినిమాకు తోడు సినిమాగా వదిలారు. కత్తిరించిన ఫిల్ము నెగెటివ్ మోటార్‌వే (పెద్ద రహదారి) కింద పూడిపోయిందన్న కథ ఈ సినిమా అభిమానులందరికీ కంఠోపాఠం. మొదట్లో నేను పూర్తిగా లీ పక్షం. పదేపదే విన్నాక ఇది గాయపడిన మనిషి చెప్పే కథ అని గుర్తుపెట్టుకుని వినడం నేర్చుకున్నాను. ఒకే సంఘటనను తలా ఒక రకంగా చెబుతారు, అందులోనే మజా ఉంది.

సెట్టులో సినిమా మూడు రూపాల్లో ఉంది. పొట్టి థియేటర్ కాపీలో హోవీ దీవిలో ఉండేది ఒక్క రాత్రే. పొడుగు కాపీలో రెండు రాత్రులు. 2013 నాటి ‘ఫైనల్ కట్’ ఈ రెంటికీ మధ్యస్థం, హార్డీ ఒప్పుకున్నది. హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికిన ప్రింటు దానికి ఆధారం. పొడుగు కాపీ బతికిందంటే అమెరికాలో సినిమా నిర్మాత రోజర్ కోర్మన్‌కు సలహా కోసం పంపిన ప్రింటు పుణ్యమే. అందులో తిరిగి కలిపిన సీన్లు వెలిసిపోయి అలికేసినట్టుంటాయి. అయినా నత్తలను చూస్తూ లీ కవిత్వం చదివే సీను కోసం నేను ఆ మసక కాపీయే పెడతాను.

మా అమ్మ ఒకసారి మే పండగ ఊరేగింపు సీను దగ్గర హాల్లోకి వచ్చి, “ఒరే, ఇది ఏ ఊరి జాతర్రా?” అంది. వేషాలు, డప్పు, ఊరంతా ఒక్కటై నడవడం చూసి ఆవిడకు వింతేమీ అనిపించలేదు. ఇంటర్వ్యూల్లో అందరూ ఆ జనం ఎంత విచిత్రమో చెబుతుంటే నాకు అమ్మ మాటే గుర్తొస్తుంది. మొదటి అరగంట నాకు విచిత్రంగా కనబడింది ఆ పోలీసాయనే.

లోటు కూడా చెప్పాలి. కామెంటరీలో ఉన్నది మగవాళ్లే. దీవిలోని సత్రం యజమాని కూతురుగా చేసిన బ్రిట్ ఎక్‌లాండ్ గర్భవతిగా ఉండి నటించింది. ఆమె గొంతు వేరేవాళ్లది, ఆమె తన గదిలో చేసే డాన్సులో వెనక నుంచి కనబడే ఒళ్లు కూడా వేరేవాళ్లది. అలాంటి విషయాన్ని ఆమె పక్కన కూర్చుని చెబితే వినాలని ఉంటుంది. పాటలు కట్టిన అమెరికన్ పాల్ జొవాన్నీ 1990లోనే పోయాడు. ఆ పాటలే సినిమాకు ప్రాణం, కానీ వాటి సంగతి ఇతరుల నోట వినాల్సిందే. కొత్తతరం దర్శకులు వరసగా పొగిడే భాగాన్ని నేను ఒక్కసారే చూశాను. చాలు.

కొత్తగా కొనేవాళ్లు ముందు ‘ఫైనల్ కట్’ చూడండి, వారం ఆగి కామెంటరీ వినండి. ఇంటర్వ్యూలు ముందు చూస్తే మాత్రం ఐసు ముక్కలు తప్ప ఇంకేమీ కనబడవు.

నా డిస్కు మీద ఈమధ్య గీత పడింది. మేక సంగతి వచ్చేచోటే ఆగి ఆగి ఆడుతోంది. 50 ఏళ్లకని 2023లో 4కె సెట్టు వచ్చింది, అది నేనింకా చూడలేదు. బావమరిది సంక్రాంతికి వస్తున్నాడు, చెప్పి ఉంచాను.