50% "వరకు": ఒక ఆషాఢం సేల్ మీద టైలరు రివ్యూ

కంచరపాలెంలో జాకెట్లు కుడతాను. ఆషాఢం వచ్చిందంటే సేల్‌లో కొన్న చీర తెచ్చి నా మిషను మీద పరిచి "ఇది మంచిదేనా అక్కా?" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. కొనేశాక అడిగితే నేనేం చెప్పను? అందుకే ఈసారి నేనే వెళ్లి చూసొచ్చాను. జగదాంబ వైపు ఉన్న పెద్ద బట్టల షాపు. పేరు రాయడం లేదు, నేను చెప్పబోయేది దానొక్కదానికే చెందదు కాబట్టి.

బయట ఫ్లెక్సీ మీద 50% అంకె మనిషెత్తు ఉంది. పక్కన "వరకు" అన్న మాట చొక్కా బొత్తామంత. ఆ ఒక్క మాట ఉన్నాక షాపువాళ్లని తప్పు పట్టలేం. లోపల నిజంగానే ఒక రాక్‌కి సగం ధర ఉంది. అన్నీ ముదురు రంగు జార్జెట్లు, పండగలకి తెప్పించి అమ్ముడుపోనివి. మిగతా చోట్ల తగ్గింపు 10, 20 మధ్యే తిరుగుతోంది. "ఫ్లాట్" అని రాసుంటే లెక్క వేరు, ఆ రాక్‌లో ఉన్నవన్నీ అంతే తగ్గాలి. "ఒకటి కొంటే ఒకటి" దగ్గర ఇంకో మెలిక ఉంది. రెండింట్లో ఎక్కువ ధరదానికి డబ్బు తీసుకుని, తక్కువదాన్ని ఉచితం కింద రాస్తారు. ఈ ఆఫర్‌లో వెళ్తే దాదాపు సమాన ధరవే జత చూసుకోండి.

నా ఓటు మాత్రం 10 శాతమే తగ్గించిన కాటన్లకి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, గల్లాపెట్టె ఖాళీ. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి, పెళ్లిళ్లకి కొత్త సరుకు దిగాలంటే వేసవి సరుకు కదలాలి. అంటే సేల్‌లో కాటన్ కూడా నిఖార్సయిన పాత స్టాకే. మన విశాఖ ఉక్కపోతకి వేసవి చీర ఏ నెలలోనైనా పనికొస్తుంది కదా. అక్కడ ఒక మంగళగిరి చీర చూశాను, నేత బిగువుగా ఉంది, అంచు రెండు వైపులా సమంగా వచ్చింది. వెంటనే తీసేసుకున్నాను.

గుట్టగా పోసిన చవక చీరల సంగతి వేరు. వాటిలో చాలావరకు మిగిలిన సరుకు కాదు, సేల్ కోసమే తెప్పించిన లాట్. మామూలుగా చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు ఉండాలి. ఈ లాట్‌లో ముక్క జానెడు తక్కువుంది. సన్నగా ఉన్న పిల్లకైతే పొట్టి చేతులతో ఎలాగో సర్దుతాను. కాస్త ఒళ్లున్నవాళ్లకి, మోచేతి దాకా చేతులు అడిగేవాళ్లకి చంకల దగ్గర అతుకు తప్పదు. ఆ అతుకు చూసి తిట్లు తినేది టైలరే. కౌంటర్లో అమ్మాయికి నా పని అర్థమైనట్టుంది, "అక్కా, ఆ గుట్టలోది వద్దులే, బ్లౌజుకి చాలదు" అని మెల్లగా చెప్పింది. ఈ రివ్యూలో ఒక స్టార్ పూర్తిగా ఆ అమ్మాయిదే.

పట్టు కౌంటర్లో చీటీలు చదవండి. "ఆర్ట్ సిల్క్" అంటే కళాత్మకమైన పట్టు అనుకుని మురిసిపోయేవాళ్లు నా దగ్గరికే వస్తుంటారు. అది ఆర్టిఫిషియల్‌కి పొట్టిపేరు. "సెమీ" ఉన్నా జాగ్రత్తే, అది పూర్తి పట్టు కాదు. అసలు పట్టు కావాలంటే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి, కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టింది. అది పట్టుకే హామీ, జరీకి కాదు.

బిల్లింగు దగ్గర నాకు మండింది. క్యారీ బ్యాగ్‌కి 10 రూపాయలు వేశారు, ముందు ఎక్కడా చెప్పలేదు. ఇలా చెప్పకుండా వసూలు చేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులోనే ఒక కేసులో తేల్చింది. ఆ మాట అంటే క్యాషియరు నవ్వి ఆ పది తీసేశాడు. అంటే అడగనివాళ్ల దగ్గర తీసుకుంటున్నట్టే కదా.

బిల్లు వెనక "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఎర్ర సిరాతో ముద్ర. రంగు నచ్చలేదని మనం వెళ్తే ఆ ముద్ర చూపించడం వేరు. పోగు తెగిన చీర అంటగట్టి అదే ముద్ర చూపిస్తే కుదరదు. లోపమున్న వస్తువుని బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. షాపువాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మా వీధిలో ఒకావిడకి ఈ షాపులోనే పైటలో పోగులు లేచిన చీర వచ్చింది. "సేల్ సరుకు మార్చం" అని మొదట మొండికేశారు, చట్టం మాటెత్తాక వేరే చీర ఇచ్చారు.

కాటన్‌కి నాలుగు స్టార్లు, గుట్ట చీరలకి ఒకటి. ఆదివారం సాయంత్రం వెళ్లకండి, బండి పెట్టుకోవడానికే చోటుండదు. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజైతే అసలు ఊళ్లో కదలడమే కష్టం. లైనింగు, ఫాల్ ఇక్కడ కొనకండి, వన్‌టౌన్ కొట్లలో ఇంతకంటే తక్కువకే దొరుకుతాయి. లైనింగుని ఒకసారి నీళ్లలో ముంచి ఆరేసి తెస్తే నాకు పని సులువు.