పీటర్స్‌బర్గ్‌లో పొటెంకిన్ జాడలు

లోపల ఏమీ లేని పై ఆర్భాటానికి ‘పొటెంకిన్ గ్రామం’ అనే పేరు ప్రపంచమంతటా స్థిరపడిపోయింది. 1787లో రష్యా మహారాణి రెండవ కేథరిన్ క్రిమియా యాత్రకు బయలుదేరినప్పుడు, ఆమె ఆంతరంగికుడు గ్రిగొరీ పొటెంకిన్ ద్నీపర్ నది ఒడ్డున ఉత్తుత్తి ఊళ్ళను నిలబెట్టి చూపించాడన్న కథే దీనికి మూలం. ఆ కథను ప్రచారం చేసినవాడు హెల్బిగ్ అనే శాక్సనీ దౌత్యవేత్త కాగా, నేటి చరిత్రకారుల్లో చాలామంది దాన్ని అతిశయోక్తిగానే భావిస్తారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పొటెంకిన్ ఆనవాళ్ళు చూశాక నా అభిప్రాయమూ అదే.

వాటిలో మొదటి స్థానం నిస్సందేహంగా హెర్మిటేజ్ మ్యూజియంలోని నెమలి గడియారానిది. లండన్‌కు చెందిన జేమ్స్ కాక్స్ తయారుచేసిన ఈ యంత్రాన్ని పొటెంకిన్ తెప్పించగా, విడిభాగాలుగా వచ్చిన దానిని కులిబిన్ అనే రష్యన్ నిపుణుడు కూర్చి నడిపించాడు. కీ ఇచ్చినప్పుడు గుడ్లగూబ తల తిప్పుతుంది, నెమలి పురి విప్పుతుంది, ఆ తరువాత కోడి కూస్తుంది; వేళ చూపే పలక మాత్రం ఒక పుట్టగొడుగు తలలో ఒదిగి ఉంటుంది. దీనిని రోజూ నడపరు కాబట్టి, నడిపే వేళను ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది. మ్యూజియానికి సోమవారం సెలవు.

స్తారోవ్ అనే వాస్తుశిల్పి 1783–89 మధ్య పొటెంకిన్ కోసం కట్టిన తవ్రీద భవనం బయటికి ఎంతో నిరాడంబరంగా కనిపిస్తుంది; ఆడంబరమంతా లోపలి స్తంభాల మండపంలోనే ఉంది. పై మెరుగులకు మారుపేరైన మనిషి ఇల్లు ఇలా ఉండడం చూసి నవ్వు వచ్చింది. కేథరిన్ మరణానంతరం ఆమె కుమారుడు పావెల్ దీనిని అశ్వికదళానికి అప్పగించాడు. 1906 నుంచి ఇక్కడే రష్యా తొలి పార్లమెంటైన దూమా సమావేశమైంది. అయితే ఇది టికెట్టు కొని నేరుగా వెళ్ళగలిగే చోటు కాదు, కాబట్టి ముందుగా ఏర్పాటు చేసుకోని వారు వెనుకనున్న తోటతో తృప్తిపడాలి. ఆ తోట నాకు భవనం కంటే నచ్చింది, కానీ ఏప్రిల్‌లో మంచు కరిగి నేల ఆరేవరకు దానిని మూసి ఉంచుతారు.

నెవ్‌స్కీ వీధిలోని కేథరిన్ విగ్రహం (1873) పీఠం చుట్టూ ఉన్నవారిలో పొటెంకిన్ కూడా ఉన్నాడు. అటు వెళ్ళినప్పుడు చూస్తే చాలు.

బసకు నెవ్‌స్కీ కంటే తవ్రీద తోట పరిసరాలే ప్రశాంతంగా ఉంటాయి. పాత మేడల్లో నడిచే చిన్న హోటళ్ళలో గది తీసుకునేటప్పుడు వీధివైపు ఫోటోలను మాత్రమే నమ్మరాదు. మేము దిగిన హోటలు ముఖద్వారం రాజసంగా ఉన్నా, మా గదికి దారి వెనుక పెరట్లోని చీకటి మెట్ల మీదుగా, లిఫ్టు లేకుండా ఉండేది. గది మాత్రం శుభ్రంగా, వెచ్చగా ఉంది. మన దేశపు బ్యాంకులు ఇచ్చే వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపు కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయవు కనుక నగదు తప్పనిసరి. శాకాహారులకు జార్జియన్ భోజనశాలలు మేలు: చిక్కుడు గింజల లోబియో, చీజ్ నింపిన ఖచపురి రొట్టె దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి.