ఎమ్మెల్యే ఆఫీసుకి గోడ ప్లానర్: షీటు బాగుంది, అసెంబ్లీ రంగులే బాగాలేవు

కోనసీమలో ఒక ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసులో పీఏగా పనిచేస్తున్నాను. 2027 సంవత్సరానికి గోడ ప్లానర్ ఒకటి రాజమండ్రిలోని ఒక ప్రెస్సు నుంచి తెప్పించాం. పన్నెండు నెలలూ ఒకే పెద్ద షీటు మీద ఉంటాయి. పైన లామినేషన్ ఉంది కాబట్టి మార్కరుతో రాసి తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. ఖరీదు 650 రూపాయలు. "ప్రజాప్రతినిధుల కోసం ప్రత్యేకం" అని అమ్ముతున్నారు కాబట్టి, నాలాంటి ఉద్యోగం చేసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మంచి చెప్తాను. షీటు మందంగా ఉంది, అక్షరాలు గదిలో ఆ మూల నుంచి కూడా కనిపిస్తాయి. ప్రతి నెల కింద తిథులు, ముహూర్తాలు సన్నటి పట్టీలో వేశారు. బయటివాళ్లకి ఇది అలంకారంలా కనిపించవచ్చు గానీ మా ఆఫీసు నడిచేది దాని మీదే. మాఘ, ఫాల్గుణాల్లో టేబుల్ మీద శుభలేఖలు గుట్ట పడతాయి. సార్ ఒక పెళ్లికి వెళ్లకపోతే ఆ ఇంటివాళ్లు ఐదేళ్లూ గుర్తుపెట్టుకుంటారు. బడ్జెట్ సమావేశాలు వచ్చేదీ సరిగ్గా అప్పుడే. సంక్రాంతి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, జూన్ 26 నుంచి జూలై 7 దాకా గోదావరి పుష్కరాలు అన్నీ అచ్చులోనే ఉన్నాయి. ఇంతవరకు పేరు పెట్టేది లేదు.

గొడవంతా "శాసనసభ సమావేశాలు" అని ముందే రంగు వేసి పెట్టిన గడులతో. ఫిబ్రవరి, జూలై, నవంబరు నెలల్లో ఆకుపచ్చ పట్టీలు వేశారు. పార్లమెంటు సమావేశాలు మామూలుగా వచ్చే నెలలు చూసి ఎవరో దింపేసినట్టున్నారు. మన అసెంబ్లీకి ఏడాది ముందే తేదీలు ఖాయం కావు. మంత్రివర్గం నిర్ణయిస్తే గవర్నర్ నోటిఫికేషన్ ఇస్తారు. సభ మొదలయ్యాక బీఏసీ (సభా వ్యవహారాల సలహా సంఘం) కూర్చుని ఎన్ని రోజులో తేలుస్తుంది. అప్పటిదాకా అసెంబ్లీ ఉన్న వెలగపూడిలో సార్ మకాం ఎన్నాళ్లో, కారు ఎప్పుడు తిరిగొస్తుందో, ఇక్కడ ఎవరికి ఏ రోజు మాటివ్వాలో తెలియక నాకు టెన్షనే.

జూలై పట్టీ మరీ అన్యాయం. 2025లో బడ్జెట్ సమావేశాలు మార్చిలో ముగిస్తే, వర్షాకాల సమావేశాలు సెప్టెంబరు 18న మొదలయ్యాయి. ఎందుకంటే రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం ఒక సమావేశాల చివరి రోజుకీ, తర్వాతి సమావేశాల మొదటి రోజుకీ మధ్య ఆరు నెలలు దాటకూడదు. ఆ గడువు దగ్గర పడినప్పుడే సభ పెట్టడం మామూలైపోయింది. ఇక జూలై అంటే మాకు సార్వా (ఖరీఫ్) నాట్లు, ఆపైన వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే సార్ గోదావరి మధ్య లంక గ్రామాల్లో ఉండాలి. ఈసారి జూలై మొదటి వారంలో పుష్కరాలు కూడా. ఆ గడుల్లో ఆకుపచ్చ రంగు వేసినాయన గోదావరి జిల్లా మనిషే అంటే నమ్మబుద్ధి కాదు.

ప్రెస్సాయనకి ఫోన్ చేసి అడిగాను. "ఆయ్, అచ్చు బ్లాకు ఒక్కటేనండి, మార్చాలంటే వంద కాపీలైనా తీసుకోవాలి" అన్నాడు.

ఆయన వేసింది కెనడాలో అయితే అతికేది. అక్కడి పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో వచ్చే ఏడాది సభ ఏయే రోజుల్లో కూర్చుంటుందో స్పీకర్ సెప్టెంబరు 30లోపే కేలండర్ ప్రవేశపెట్టాలని నిబంధన ఉంది. మన దగ్గర కూడా ఆలోచన లేక కాదు. 1955లోనే లోక్‌సభ కమిటీ ఒకటి పార్లమెంటు ఏడాదిలో జరిపే మూడు సమావేశాలకీ తేదీలు సూచించింది, అమలు కాలేదు. 2002లో రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్, డెబ్బైకి తక్కువ సభ్యులున్న రాష్ట్రాల సభలు ఏడాదికి కనీసం 50 రోజులు, మిగతావి 90 రోజులు కూర్చోవాలంది. మన సభలో 175 మంది సభ్యులు. తొంభై రోజుల మాట వింటే సార్ నవ్వేస్తారు. నాకైతే ఎన్ని రోజులైనా పర్లేదు, తేదీలు ముందు చెప్తే చాలు.

ఇప్పుడు ఈ షీటుని నేను వాడే తీరు ఇది. ఆకుపచ్చ పట్టీల మీద తెల్ల స్టిక్కర్లు అంటించేశాను. మార్చి 31 దగ్గర మందపాటి గీత కొట్టాను, ఎందుకంటే ఆలోపు ఖజానా నుంచి ఖర్చుకి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లో, కొన్ని నెలల ఖర్చుకి తాత్కాలికంగా అనుమతిచ్చే ఓటాన్ అకౌంటో ఏదో ఒకటి పాస్ కావాల్సిందే. 2024లోలాగా ఎన్నికలొస్తే పూర్తి బడ్జెట్ నవంబరు 11కి వెళ్లిపోతుంది, అది వేరే సంగతి. సభ నిరవధిక వాయిదా పడిన రోజున ఆరు నెలలు లెక్కేసి చివరి గడికి చుట్టూ గీస్తాను. ఆ గడికి ముందు మూడు వారాలు ఎవరికీ గట్టిగా మాటివ్వను. అడుగున ఖాళీగా వదిలిన వరసలో వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేసేది, జూన్‌లో నీళ్లు వదిలేది, దాళ్వా (రబీ) నీటికి సాగునీటి సలహా మండలి మీటింగు రాసుకుంటాను. ఈ ఖాళీ వరస ఇచ్చినందుకు మాత్రం ప్రెస్సాయనకి దండం పెట్టొచ్చు.

చిన్న లోపాలు రెండున్నాయి. గడి చిన్నది, ఒకే రోజు నాలుగు పెళ్లిళ్లుంటే పట్టవు. మా గాలిలో తేమకి కింది అంచున లామినేషన్ అప్పుడే లేస్తోంది, చుట్టూ టేపు వేయాల్సొచ్చింది.

పంచాయతీ ఆఫీసులకీ, కల్యాణ మండపాలకీ కళ్లు మూసుకుని కొనొచ్చు. ఎమ్మెల్యే ఆఫీసుకైతే అసెంబ్లీ పట్టీలు లేని మామూలు షీటు అడగండి, అది 500కే ఇస్తున్నాడు. మార్కరు నీలం రంగుదే తీసుకోండి. ఎరుపుతో రాసింది వారం పాటు ఉంచితే ఇక చెరగడం లేదు.